చెపాక్‌లో రెండే జట్లు

అమెరికాలో మిషిగన్, ఒహాయో పొరుగు రాష్ట్రాలు. 1835లో టొలీడో పట్టణం ఎవరిదన్న సరిహద్దు తగాదాలో రెండూ సైన్యాల్ని పోగుచేసుకునేదాకా వెళ్ళాయి. తగాదా మరుసటి ఏడాదే తీరినా పంతం మిగిలింది. ఆ పంతమే 1897లో రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ మైదానానికెక్కింది. 1918 నుంచి, కోవిడ్ కాటేసిన 2020 తప్పిస్తే, ఏటా ఆ ఆట జరుగుతూనే ఉంది. అక్కడ చదువుకోడానికి వెళ్ళిన మన పిల్లలు కూడా నవంబరు వచ్చేసరికి ఏదో ఒక రంగు చొక్కా తొడుక్కుని ఒక పక్క చేరిపోతారు. నిన్నటిదాకా ఏ ఊరివాడో, ఏ కులంవాడో అనుకున్నవాడు ఆ ఒక్క మధ్యాహ్నం ‘మనవాడు’ అయిపోతాడు. ఏళ్ళతరబడి సాగే ఆటల పోటీలో గెలుపోటముల లెక్క కన్నా నాకు ముఖ్యంగా తోచేది ఇదే: ఎదుట ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి ‘మనం’ అంటే ఎవరో తేలుతుంది. ఈ మాట నిజమని చెప్పడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మద్రాసులో పొంగల్ సెలవులకి జరిగిన ప్రెసిడెన్సీ క్రికెట్ పోటీ ఉంది. దాన్ని తలపెట్టినవాడు తెలుగువాడు.

ఆయన పేరు మోదవరపు వెంకట మహీపతి నాయుడు. ఊరంతా పిలిచిన పేరు బుచ్చిబాబు. 1868లో పుట్టాడు. తాత దేరా వెంకటస్వామి నాయుడు ఇంగ్లీషు కంపెనీలకి దుబాసీగా చేసి బాగా గడించినవాడు. మైలాపూరు దగ్గర లజ్‌లో వాళ్ళకి పెద్ద లోగిలి. అప్పటికి చెపాక్ మైదానం మద్రాస్ క్రికెట్ క్లబ్ చేతిలో ఉంది. అది 1846లో దొరలు పెట్టుకున్న క్లబ్బు. వాళ్ళతో ఆడటానికి దేశీయుల్ని అప్పుడప్పుడూ పిలిచేవారట గానీ, భోజనాల వేళ దొరలు పెవిలియన్‌లోకి, మనవాళ్ళు చెట్టు నీడకి. ఆ చెట్టు నీడే బుచ్చిబాబు మనసులో ములుకై దిగిందని ఆయన కుటుంబంవారూ, మద్రాసు చరిత్ర రాసినవారూ చెబుతూ వచ్చారు. దాంతో 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. కోటకి ఎదురుగా ఉన్న ఎస్ప్లనేడ్‌లో పిచ్ వేయించాడు. బ్యాట్లు, బంతులు, బూట్లు కొనలేని కుర్రాళ్ళకి తనే కొనిచ్చాడు. ఆట నేర్పాడు. చేతిలో కలిమి ఉన్నవాడు ఉడుక్కుని ఊరుకోవచ్చు, అర్జీ పెట్టుకోవచ్చు. ఈయన ఎదుటి జట్టునే తయారుచేశాడు.

ఇక్కడ ఒక పక్కమాట. మద్రాసు దుబాసీల డబ్బు అంతకుముందు తరాల్లో ఎటు ప్రవహించిందో చూడాలంటే ఉత్తరానికి, తిరువొత్తియూరు వైపుకి తిరగాలి. కోవూరు సుందర ముదలియారు పిలుపు మీద త్యాగరాజస్వామి మద్రాసు వచ్చినప్పుడే తిరువొత్తియూరు వెళ్ళి త్రిపురసుందరి అమ్మవారి మీద తెలుగు కీర్తనలు కట్టాడు. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యరు, కుప్పయ్యరు కొడుకు తిరువొత్తియూరు త్యాగయ్య ఆ పట్టున తెలుగు వర్ణాలూ కృతులూ రాస్తూ ఉండిపోయారు. కచేరీకి, కోవెలకి, సత్రానికి పెట్టిన చేతులే అవి. బుచ్చిబాబు ఆ వరసలోవాడే. పోషణ అనే పాత అలవాటుని కొత్త ఆట మీదికి మళ్ళించాడు. మద్రాసు క్రికెట్‌ని దొరలు పెట్టిన భిక్ష అని రాసేవాళ్ళు ఈ సంగతి దాటేస్తారు.

1908లో ఆయన దొరల క్లబ్బుని ఒప్పించి, దేశీయుల జట్టుకీ తెల్లవాళ్ళ జట్టుకీ ఏటేటా పోటీ జరిగేట్టు ఏర్పాటు చేశాడు. ఆ ఆట చూడకుండానే అదే ఏడాది డిసెంబరులో, నలభై ఏళ్ళకే పోయాడు. ఏర్పాటు మాత్రం నిలిచింది. 1915-16 నుంచి దానికి ఫస్ట్ క్లాస్ హోదా దక్కింది. పొంగల్ రోజుల్లో చెపాక్‌లో ఆట అన్నది ఊరికి పంచాంగంలో రాసిపెట్టినంత ఖాయమైంది. 1951-52 దాకా సాగింది.

ఇప్పుడు దీని పక్కన బొంబాయిని పెట్టి చూడండి. అక్కడా మొదట రెండే జట్లు, పార్సీలూ తెల్లవాళ్ళూ. 1907లో హిందువుల జట్టు వచ్చి చేరింది, 1912లో ముస్లింల జట్టు. 1937లో మిగిలినవాళ్ళందరినీ కలిపి ‘ది రెస్ట్’ అని ఐదోది. ఆట గొప్పగా ఉండేది, జనం విరగబడేవారు, మద్రాసులో ఎన్నడూ చూడనంత డబ్బు అక్కడ తిరిగేది. కానీ ఆ పోటీ నేర్పింది మాత్రం, నీ మతమే నీ జట్టు అని. హిందువుల జట్టులో కూడా కులం వదల్లేదు. ఆ కాలపు మేటి స్పిన్నర్ పల్వంకర్ బాలూ దళితుడు కావడం వల్ల ఎన్నడూ దానికి సారథి కాలేకపోయాడు. తమ్ముడు విఠల్ ఆ కుర్చీ ఎక్కేసరికి 1923 వచ్చింది. 1940 డిసెంబరులో గాంధీజీ కూడా ఆటల్లో మతాల వారీ జట్లేమిటని తప్పుపట్టారు. 1946కల్లా ఆ పోటీ ఆగిపోయింది.

మద్రాసులో ఎదుటివాడు ఒక్కడే, దొర. కాబట్టి ఇవతల ఉన్నవాళ్ళంతా ఒకటే జట్టు కావలసి వచ్చింది. బుచ్చిబాబు కొడుకులు భట్, బాలయ్య, రామస్వామి అందులో ఆడారు. మచిలీపట్నం మూలాలుండి నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడు వచ్చి ఆడాడు. 1920లో అతను కొట్టిన సిక్సరు మైదానం దాటి అవతల కొబ్బరిచెట్టు దగ్గర పడిందని చెపాక్ ముచ్చట్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెంగల్పట్టు ప్రాంతపు పల్లెలో పుట్టి ట్రిప్లికేన్‌లో పెరిగిన ఎం.జె. గోపాలన్, మద్రాసులో పుట్టిన అమృత్‌సర్ సిక్కు ఎ.జి. రాంసింగ్ అదే జట్టువాళ్ళు. వీళ్ళలో రామస్వామి కథ విచిత్రమైనది. తాతగారింటికి దత్తతకి వెళ్ళి కోట రామస్వామి అయ్యాడు. కేంబ్రిడ్జిలో చదివాడు. 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లో దేశం తరఫున ఆడాడు. 1936లో, విజయనగరం మహారాజకుమార్ నాయకత్వంలో ఇంగ్లండు వెళ్ళిన జట్టులో, నలభై నిండాక మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. 1985 అక్టోబరులో ఒకరోజు ఇంట్లోంచి వెళ్ళిన మనిషి మళ్ళీ తిరిగి రాలేదు.

మద్రాసులో అందరూ ఒకే జట్టుగా నిలిచారన్న ఈ మాటకి ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. మద్రాసులో పార్సీలు అంతమంది లేరు, పెద్ద క్లబ్బులూ లేవు. రెండే జట్లు మిగలడం గతిలేక జరిగింది తప్ప ఎవరి దూరదృష్టీ కాదు అని. మొదట్లో అది నిజమే కావచ్చు. కానీ గతిలేక మొదలైనది ముప్పై అయిదేళ్ళకి పైగా చీలకుండా ఎందుకు నిలిచిందో ఈ వాదన చెప్పదు. ఆ ఏళ్ళలో మద్రాసు రాజకీయమంతా చీలికలే. 1916లో చాకలిపేట పిట్టి త్యాగరాయ చెట్టి, టి.ఎం. నాయర్ కలిసి జస్టిస్ పార్టీ పెట్టారు. 1921లో పానగల్లు రాజా ప్రభుత్వం ఉద్యోగాలు కులాలవారీగా పంచాలని ఉత్తర్వు తెచ్చింది. తెలుగువాళ్ళు 1913లోనే బాపట్లలో ప్రత్యేక రాష్ట్రం కోసం మహాసభ పెట్టుకున్నారు. బ్రాహ్మణ జట్టు, బ్రాహ్మణేతర జట్టు, ఆంధ్ర జట్టు, తమిళ జట్టు అని విడిపోవడానికి సరంజామా అంతా సిద్ధంగా ఉంది. శాసనసభలో ఆ గీతలు గీశారు. చెపాక్‌లో గీయలేదు. ఎదుట దొర నిలబడి ఉండగా మనలో మనం విడిపోయి ఆడితే ఓడతామన్న సాదా లెక్క అందరికీ తెలుసు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. రంగు చూసి జట్లు కట్టడం మతం చూసి కట్టడం కన్నా ఏ విధంగా మేలు? మేలని నేననను. చెట్టు నీడ అవమానాన్ని ఆ పోటీ చెరిపెయ్యలేదు. అయితే ఒక తేడా ఉంది. మతాల పోటీలో ఓడినవాడు పక్కవీధివాడు, రేపూ ఇక్కడే ఉంటాడు, వాడితో కలిసి బతకాలి. ప్రెసిడెన్సీ పోటీలో ఎదుటి జట్టు ఎప్పటికైనా ఓడెక్కి వెళ్ళిపోయేదే. పైగా ఆ జట్టులోవాళ్ళూ అందరూ ఒకలాంటివాళ్ళు కారు. బర్మా షెల్ ఉద్యోగి సి.పి. జాన్‌స్టన్ తెల్లవాళ్ళ జట్టుకి వెన్నెముక. గోపాలన్‌లోని వేగాన్ని కనిపెట్టి, కంపెనీలో ఉద్యోగం ఇప్పించి ఆటలో నిలబెట్టింది అతనే. దాన్ని దొరల దయాధర్మం అనేవాళ్ళున్నారు. అనొచ్చు. ప్రత్యర్థి గట్టిగా ఉంటేనే పోటీకి రుచి అని తెలిసిన ఆటగాడి స్వార్థం అనుకుంటే ఇంకా బాగుంటుందేమో.

మూడోది మాత్రం నేను తోసిపుచ్చలేను. ‘ఇండియన్స్’ అన్న ఆ జట్టు ఏ ఇండియన్లది? లజ్, మైలాపూరు, ట్రిప్లికేన్‌లది. ఎస్ప్లనేడ్ దాటి ఉత్తరానికి వెళ్తే చాకలిపేట, తండయారుపేట, ఆ పైన తిరువొత్తియూరు. మిల్లులూ, రేవూ, తర్వాత అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ, 1955లో ఎన్‌ఫీల్డ్ మోటారుసైకిళ్ళ ఫ్యాక్టరీ ఉన్న నేల అది. రోజుల తరబడి సాగే క్రికెట్‌కి కూలిపనివాడికి సెలవెవరిస్తారు? ఉత్తర మద్రాసు గంటన్నరలో తేలిపోయే ఫుట్‌బాల్‌ని ఎంచుకుంది, ఇప్పటికీ అదే ఆ వీధుల ఆట. అందుకని ప్రెసిడెన్సీ పోటీ మద్రాసునంతా ఒకటి చేసిందంటే అబద్ధం. తన దగ్గరికి రాగలిగినవాళ్ళని ఒకటి చేసింది. నా వాదన అంతవరకే.

ఆ కలయిక ఎంత పనికొచ్చిందో 1934 నవంబరు 4న తేలింది. దేశంలో మొట్టమొదటి రంజీ ట్రోఫీ ఆట ఆ రోజు చెపాక్‌లో మద్రాసుకీ, పొరుగు మైసూరుకీ జరిగింది. తొలి బంతి వేసింది గోపాలన్. మద్రాసు జట్టుకి నాయకుడు జాన్‌స్టన్. పొంగల్‌కి ఎదురెదురుగా నిలిచేవాళ్ళు ఇక్కడ ఒక పక్కన నిలిచారు. మైసూరు 48కి, 59కి కుప్పకూలింది. మద్రాసు ఒక్కసారే బ్యాటింగ్ చేసి 130 చేసింది. రాంసింగ్‌కి పదకొండు వికెట్లు. ఆట ఒక్క రోజులోనే ముగిసిపోయింది. ఎదుటివాడు మారాడు, దాంతో ‘మనం’ కూడా మారింది. దొరా దేశీయుడూ కలిసి మద్రాసువాళ్ళయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఎదుటి జట్టుకి మనుషులే కరువయ్యారు. ప్రెసిడెన్సీ పోటీ ఆగిపోయిన 1951-52 సీజన్‌లోనే, 1952 ఫిబ్రవరి 10న, అదే చెపాక్‌లో ఇంగ్లండు మీద భారత్ తన తొలి టెస్టు విజయం సాధించింది. ఆ డిసెంబరులోనే ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేస్తూ పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణాలు విడిచాడు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు తమిళులకి పోయింది. ఆ సీజన్‌లోనే రంజీ ట్రోఫీలో ఆంధ్ర పేరుతో ఒక కొత్త జట్టు దిగింది. దానికి నాయకుడు యాభై ఎనిమిదేళ్ళ సి.కె. నాయుడు.