బాయి బట్టలు, బిడ్డ బట్టలు

గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటారు. మా నాయిన ముప్పై ఏళ్ళు బాయి పని చేశాడు. ఆ ముప్పై ఏళ్ళూ అమ్మ ఏం పని చేసిందని అడిగితే ఇంట్లో అందరూ, అమ్మతో సహా, "ఏం చెయ్యలే, ఇంట్లనే ఉన్నది" అంటారు. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, స్త్రీల శ్రమ గురించి పేజీలకు పేజీలు రాసిన నేను కూడా చాలాకాలం ఆ మాటకు అడ్డు చెప్పలేదు. మూడేళ్ళ కింద నాకు బిడ్డ పుట్టి, ఉచ్చగుడ్డల బకెట్ ముందు కూర్చున్నాకే అమ్మను అడగాలని తోచింది.

నేను కొన్న గుడ్డ డైపర్లతో పాటు ఒక కాగితం వచ్చింది. సబ్బు మిగలకుండా జాడించాలి, మెత్తదనం కోసం ఏ మందూ కలపొద్దు, ఎండలో ఆరేయాలి అని అందులో ఉంది. అమ్మ చదివించుకుని నవ్వింది. "గిది చెప్పెతందుకు కాయితం కావాల్నా బిడ్డా?" అంది.

ఆమెకు తెలిసింది అంతకంటే ఎక్కువ. కొత్త గుడ్డ తడి పీల్చదు. ఎన్నో ఉతుకులు తిన్న నూలు చీర, పాత ధోవతి చింపాలి. టెర్రీకాటన్ చీరలొచ్చాక పాత నూలు గుడ్డ దొరకడమే కష్టమైందట. పియ్యిగుడ్డను వెంటనే చల్లనీళ్ళలో జాడించాలి. ముందే వేడినీళ్ళు పోస్తే మరక గుడ్డను పట్టుకుంటుంది. తర్వాత సోడా వేసి ఉడకబెట్టాలి. జాడించిన నీళ్ళలో వేళ్ళు పెడితే జారుడు తగలకూడదు. సబ్బు మిగిలిన గుడ్డ ఉచ్చకు తడిస్తే బిడ్డ తొడలు ఒరుసుకుపోతాయి.

ఇదంతా నల్లా వచ్చే ఆ కాస్త సమయంలో పట్టుకున్న నీళ్ళతో జరగాలి. అందుకని ఉతుకుడికి ఒక వరస ఉండేది. మంచి నీళ్ళలో మొదట బిడ్డ బట్టలు, తర్వాత ఇంటి బట్టలు, చివరికి బాయి బట్టలు. మిగిలిన సబ్బునీళ్ళు వాకిట్లోకి, పాయఖానాలోకి. బాయి బట్టలు నానిన తొట్టిలో బిడ్డ గుడ్డ ముంచేది కాదు. బొగ్గు పొడి నూలులో ఒకసారి దిగితే పోదు. ఇంతా చేసి దండెం మీద ఆరేస్తే మధ్యాహ్నం ఓపెన్ కాస్టులో బ్లాస్టింగ్ సైరన్ మోగేది. కాలనీలో ఆడవాళ్ళంతా ఒక్కసారే బయటికి ఉరికి బట్టలు లోపలికి లాక్కునేవాళ్ళు. కాస్త ఆలస్యమైతే తెల్లగుడ్డల మీద బూడిదరంగు పొర. మళ్ళీ మొదటి నుంచి.

సింగరేణి చరిత్ర మనకు తారీఖులతో సహా తెలుసు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. 1960ల మొదట్లో గోదావరిఖనిలో బాయిలు తెరిచారు. బొగ్గును టన్నుల్లో, పనిని మస్టర్లలో లెక్కగట్టారు. మరుసటి పొద్దున ఆ మనిషి మళ్ళీ బాయిలో దిగడానికి కావలసిన అన్నం, ఉతికిన బట్ట, రేపటి కార్మికుడిని పెంచే పొత్తిగుడ్డ మాత్రం ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు. బొగ్గు వేతన ఒప్పందాల్లో యూనిఫారం ఇచ్చిన ఉద్యోగులకు వాషింగ్ అలవెన్స్ అని ఒకటుంది. బట్టలుతకడం పనేనని, దానికి డబ్బివ్వాలని కంపెనీలకూ యూనియన్లకూ తెలుసన్నమాట. ఆ డబ్బు మాత్రం తొడుక్కున్నవాడి జీతంలో కలిసేది.

1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలోకి దిగనివ్వలేదు. షరతులతో ఆ అనుమతి వచ్చింది 2019లోనే. కానీ బాయి రోజూ మా ఇంట్లోకి వస్తూనే ఉంది. కార్మికులు స్నానం చేసే గదుల గురించి 1959లోనే నియమాలు చేశారు. మనిషి కడుక్కుని వచ్చినా బట్టల మూట ఇంటికే వచ్చేది.

ఈ సంగతిని గట్టిగా చెప్పిన ఆడవాళ్ళు వేరే చోట ఉన్నారు. 1919లో బ్రిటన్ గనుల పరిశ్రమపై వేసిన సాంకీ కమిషన్ ముందు వేల్స్ నుంచి ఎలిజబెత్ ఆండ్రూస్ సాక్ష్యమిచ్చింది. ఆమె గని కార్మికుడి కూతురు. భర్తల స్నానాలకు మరిగే నీళ్ళ తొట్లు మోసి ఆడవాళ్ళకు గర్భాలు పోతున్నాయని, పిల్లలు కాలిపోతున్నారని, గనుల దగ్గరే స్నానాల గదులు కట్టాలని అడిగింది. మగవాడి ఒంటి మసి ఆడదాని కడుపును తాకుతుందని ఒక ప్రభుత్వ కమిషన్ ఎదుట నిలబడి చెప్పింది. మన బొగ్గుబాయిల చరిత్రలో అటువంటి సాక్ష్యం కోసం వెతుకుతూ నేను మా అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను.

అక్కడ కథ ఇంకో మలుపు తిరిగింది. "నేనేడ ఉతికిన? మా ఊళ్ళె చాకలామె ఉతికేది" అంది అమ్మమ్మ. పురిటి బట్టలు, ముట్టు బట్టలు, బిడ్డ గుడ్డలు అన్నీ ఆమే మూటగట్టుకుని చెరువుకు తీసుకుపోయేది. సౌడు మన్ను వేసి ఉడకబెట్టేది. ఇంటి మనుషులు ముట్టుకోవడానికి జంకిన బట్టలు అవి. కూలి అంటూ లేదు, పంటల మీద ఇంత మేర. దొరల ఇళ్ళలోనైతే అదీ లేని వెట్టి. 1940లలో పాలకుర్తిలో తన పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కకుండా నిలబెట్టుకున్న చిట్యాల ఐలమ్మ ఆ కులంలోనే పుట్టింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె గొంతు ఉంది. నేను ఆ పుస్తకాన్ని ఎన్నోసార్లు చదివాను. మా అమ్మమ్మ పురిటి బట్టలు ఎవరు ఉతికారని ఒక్కసారీ అడగలేదు.

ఖనికి వచ్చాక ఆ చాకలామె లేదు. ఆ పని అమ్మమ్మ మీద, తర్వాత అమ్మ మీద పడింది. ఊరు విడిస్తే కులం చాకిరీ పోయిందని మనం సంతోషపడతాం. కానీ ఆ చాకిరీని మగవాళ్ళు పంచుకోలేదు. కులం మోసిన మూట ఆలి నెత్తికి మారింది.

మరి నా ఇంట్లో? రెండో నెలలో నాకు ఓపిక లేకపోయింది. పనికి వచ్చే ఆమెను గుడ్డలు ఉతకమని అడిగాను. "పెద్దోళ్ళ బట్టలంటే ఉతుకుత మేడం, గవి మాత్రం మీరే ఉతుక్కోరి" అంది. నాకు మొదట వచ్చింది కోపం. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. ఆమె కాదన్నది మా ఊరి చాకలామెకు కాదనే వీలు లేని పనిని. ఆ పూట నా సహచరుడు బకెట్ ముందు కూర్చున్నాడు. కూర్చోమని నేను అడగాల్సి వచ్చిందని కూడా రాయాలి.

కొన్నాళ్ళు పాంపర్స్ వాడాం. అప్పుడు ఉతుకుడు పోయింది గానీ మలం ఎక్కడికీ పోలేదు. వాడిన డైపర్లను చుట్టి పొడి చెత్త బుట్టలో వేయాలని 2016 చెత్త నిర్వహణ నియమాలు చెప్పాయి. మా అపార్ట్‌మెంట్లో చాలామంది చుట్టకుండా అలాగే బుట్టలో పడేసేవాళ్ళు. వాటిని చేత్తో ఏరేది చెత్తబండి వెంట వచ్చే ఆమె. గుడ్డలు వాడితే పర్యావరణానికి మేలంటారు. 2008లో బ్రిటన్ పర్యావరణ సంస్థ చేసిన అధ్యయనం, ఆ మేలు ఉతికే తీరును బట్టి ఉంటుందని, యంత్రం నిండా వేసి ఉతికి, తీగ మీద ఆరేసి, రెండో బిడ్డకూ వాడితే ఉద్గారాలు బాగా తగ్గుతాయని చెప్పింది. ఎవరు ఉతకాలన్నది ఆ లెక్కలో లేదు. దండెం మీద బొగ్గు పొడి పడే ఊళ్ళో ఎలా ఆరేయాలన్నదీ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో వంతులు వేసుకున్నాం. నా బిడ్డ గుడ్డలు విడిచింది. కడిగి ఉడకబెట్టిన ఆ గుడ్డలను అమ్మ మడతపెట్టి దాచింది, చెల్లెలి బిడ్డకు పనికొస్తాయని.

అమ్మమ్మను ఇంకోసారి అడిగాను, ఆ చాకలామె పేరేమిటని. చాలాసేపు ఆలోచించింది. "చాకలామె అనే పిలిచేది బిడ్డా, పేరు ఎవరు వెట్టి పిలిచిన్రు?" అంది. ఈ ఎండాకాలం ఆ ఊరికి పోయి, వాళ్ళ ఇంటివాళ్ళను కనుక్కుని అడగాలనుకుంటున్నాను.