కాంగో కోబాల్ట్ గనులు: చరిత్ర

ప్రపంచంలో తవ్వి తీసే కోబాల్ట్‌లో 70 శాతానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానిదే. విద్యుత్ వాహనాల బ్యాటరీలతో ఈ లోహానికి గిరాకీ పెరిగింది. గనులన్నీ దేశానికి ఆగ్నేయాన, పూర్వపు కటంగా ప్రాంతంలో, లికాసీ, కొల్వేజీ పట్టణాల చుట్టూ ఉన్నాయి. శతాబ్దం గడిచినా ఖనిజం కాంగోది, దానితో వస్తువు చేసి గడించే డబ్బు బయటివాళ్లది అన్న తీరు పెద్దగా మారలేదు.

బెల్జియం రాజు సొంత పాలనలో కాంగో ఉన్నప్పుడు 1906లో ఏర్పడిన యూనియన్ మినియేర్ కంపెనీ అక్కడికి వచ్చింది రాగి కోసం. ఆ రాళ్లలోనే కలిసి ఉన్న కోబాల్ట్ 1920లలో అదనపు ఆదాయమైంది. అయస్కాంతాలకు, తర్వాత జెట్ ఇంజన్ల మిశ్రలోహాలకు అది అవసరపడింది. 1960లో స్వాతంత్ర్యం వచ్చిన రెండు వారాల్లోపే కటంగా విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. కంపెనీ పన్నులు ఆ వేర్పాటు ప్రభుత్వానికే కట్టింది. ఆ వేర్పాటు 1963లో ముగిసింది. దేశాధ్యక్షుడు మొబుటు 1967లో గనులను జాతీయం చేశాడు. అలా పుట్టిందే ప్రభుత్వ సంస్థ జెకమీన్.

1978 మేలో తిరుగుబాటుదారులు కొల్వేజీని పట్టుకోవడంతో కోబాల్ట్ ధర కొన్ని రెట్లు పెరిగింది. కొనుగోలుదారులు బెంబేలెత్తి ఫెర్రైట్ అయస్కాంతాల వైపు మళ్లారు. పోయిన గిరాకీలో చాలా భాగం మళ్లీ రాలేదు.

1980ల మధ్యలో జెకమీన్ ఏటా 4 లక్షల టన్నులకు పైగా రాగి తీసేది. పాలకులు ఆదాయాన్ని పీల్చేశారు, యంత్రాలు పాతబడ్డాయి, 1990లో కమోటో భూగర్భ గని కుప్పకూలింది. మూడేళ్లలో ఉత్పత్తి ఇంచుమించు పదో వంతుకు పడిపోయింది. సోనీ సంస్థ కోబాల్ట్ వాడిన లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది 1991లో. ప్రపంచానికి కొత్త అవసరం మొదలైన వేళకు కాంగో చేతిలో నడిచే సంస్థ లేదు. 2003లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో 10 వేల మందికి పైగా కార్మికులను ఇంటికి పంపారు. వాళ్లలో ఎందరికో నెలల తరబడి జీతాల బకాయి ఉంది.

గనుల పని పోయిన కుటుంబాలు గునపం, పార పట్టాయి. 2002 గనుల చట్టం చేతి తవ్వకాన్ని గుర్తించింది గానీ, దానికి కేటాయించిన చోట్లు చాలవు. 2014లో కొల్వేజీలోని కసులో పేటలో ఖనిజం బయటపడగానే జనం ఇళ్ల లోపలే నేల తవ్వి, ఆసరా కట్టని సొరంగాల్లోకి దిగారు. పట్టణం బయట ముసోంపో మండీలో దుకాణదారు బస్తా తూచి, చేతి యంత్రంతో లోహ శాతం చూసి, బోర్డు మీద రాసిన ధర కడతాడు. ఆ శాతాన్ని సరిచూసుకునే దారి తవ్వినవాడికి లేదు. పిల్లలు రాళ్లు ఏరి, కడిగి, మోస్తున్నారని 2016 జనవరిలో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ నివేదిక బయటపెట్టాకే పెద్ద కంపెనీలు తమ సరుకు ఎక్కడిదో ఆరా తీయడం మొదలుపెట్టాయి. అంత ఆలస్యం కావడం క్షమించరానిది.

పెద్ద గనుల్లో ఎక్కువ భాగం ఈలోగా చైనా చేతికి వెళ్లాయి. 2008లో రోడ్లు, ఆసుపత్రులకు బదులుగా ఖనిజం ఇచ్చే సికోమిన్ ఒప్పందం కుదిరింది. 2016లో అమెరికా కంపెనీ ఫ్రీపోర్ట్ టెంకే ఫుంగురుమే గనిలో తన వాటాను 265 కోట్ల డాలర్లకు చైనా మాలిబ్డినం కంపెనీకి అమ్మేసింది. కాంగో నుంచి ఎక్కువగా వెళ్లేది కోబాల్ట్ హైడ్రాక్సైడ్. బ్యాటరీకి పనికొచ్చేలా దాన్ని శుద్ధి చేసేది ప్రధానంగా చైనాలో.

2018లో కాంగో కోబాల్ట్‌ను వ్యూహాత్మక ఖనిజంగా ప్రకటించి, రాయల్టీని 10 శాతం చేసింది. ధర పడిపోవడంతో 2025 ఫిబ్రవరిలో ఎగుమతులు ఆపేసి, అక్టోబరు నుంచి కోటా పెట్టింది. 2026, 2027లకు ఏటా 96,600 టన్నులే పరిమితి. ధర లేచింది. కోబాల్ట్ అక్కర్లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు అప్పటికే విస్తరిస్తున్నాయి కనుక, 1978 అనుభవం మళ్లీ ఎదురయ్యే ప్రమాదం నిజమైనదే.

బ్యాటరీ ముడిపదార్థాలను తమ నేలమీదే తయారు చేసుకోవాలని కాంగో, జాంబియా 2022లో ఒప్పందం చేసుకున్నాయి. దానికి ముందు కావలసింది నిలకడైన కరెంటు. ఇంగా జలవిద్యుత్ కేంద్రం నుంచి కొల్వేజీకి 1982 నాటికే 1,700 కిలోమీటర్ల లైను వేశారు. దారిలోని పల్లెలకు దాని నుంచి వెలుగు ఇవ్వలేదు. గనులకూ అది చాలక కంపెనీలు నేడు జాంబియా నుంచి విద్యుత్ కొంటూ, డీజిల్ జనరేటర్లు నడుపుతున్నాయి.