అరుగు బడిలో పెద్ద పిల్లోడు

ఆ కందికట్టె ఇంకొంచెం మంటలోకి తొయ్యబ్బీ. ఏమంటివి, మీ అమ్మ పక్కన కూర్చోకుంటే నీకు చదువు ఎక్కదా? విను అయితే.

మా తాత చదివింది వీధిబడి. ఒక అరుగు, ఒక అయ్యవారు, అంతే. ఇసుక పోసుకుని వేలితో అక్షరాలు దిద్దాల. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చినోడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తాండ్రంట. రెండోవాడికి సున్న: పొగిడేదీ లేదు, తిట్టేదీ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ వెనక వచ్చేకొద్దీ ఒక్కొక్కటి పెరుగుతా పోవాల్సిందే. కట్టుకథ కాదప్పా. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో మద్రాసుకు పంపిన రిపోర్టులోనూ ఇదే ఉంది. మన అనంతపురం అప్పుడు బళ్లారి కిందే, 1882లో కదా వేరు జిల్లా అయింది! ఆ పెద్ద జిల్లాలో 533 బడులని ఆయన లెక్క తేల్చినాడు.

మొండికేసినోణ్ణి చేతులు కట్టి దూలానికి వేలాడదీస్తాండ్రి. కోదండమనేది దాన్నే. దాంతో ఎవడన్నా బాగుపడినాడా తాతా అంటే, "పడినారు, చేలల్లో దాక్కునే విద్యలో" అని నవ్వుతాండె. దెబ్బ భయం పిల్లోణ్ణి అరుగు దాకా తెస్తుంది గానీ అక్షరం దాకా తేదు.

మరి చదువు ఎట్ల వచ్చినట్టు? అసలు కిటుకు పెద్ద పిల్లోడి దగ్గరుంది. బడిలో నాలుగు తరగతులు. వయసుతో పనిలేదు, ఎవడికి ఎంత వస్తే అంత పైకి. కింది తరగతులోళ్లకి చెప్పేది పైవాళ్లే. చిన్నోడు "ఇది ఎందుకట్ల?" అని అడిగితే చెప్పాల కదా, అందుకని రాత్రికి పెద్దోడే మళ్లీ వల్లె వేసుకుంటాడు. చదవమని వాణ్ణి ఎవరూ తరమక్కర్లేదు. పదిమంది చిన్నోళ్లు తననే చూస్తాంటే అల్లరీ తనంతట తానే తగ్గిస్తాడు.

క్యాంబెల్‌కంటే ముందే ఆండ్రూ బెల్ అనే తెల్లదొర, మద్రాసు ఎగ్మూరు అనాథ పిల్లోళ్ల బడికి పెద్ద, ఈ ఇసుక రాత చూసి తన బడిలో పెట్టమన్నాడు. పంతుళ్లు మా వల్ల కాదన్నారు. ఆయన ఆ పనిని ఒక పిల్లోడికే అప్పజెప్పినాడు! 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేస్తే, ఇంగ్లండులో మద్రాసు పద్ధతని పేరుపడింది. మన అరుగు సరుకు, వాళ్ల ముద్ర. సరేలే.

ఆ బడి బంగారమని నేననను. ఆడపిల్లోళ్లు ఏడో ఒకరిద్దరు, మాలమాదిగ పిల్లోళ్లకి అరుగెక్కే దారే లేదు. ఆ కోదండం పోయింది, మంచిదే. కిటుకు కూడా దాంతోనే పోయింది, అదీ నా బాధ. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడులలో మళ్లీ పట్టుకున్నారు దాన్ని: మెట్లమెట్లుగా కార్డులు, పిల్లోడే తన మెట్టు చూసుకుని తన కార్డు తీసుకుంటాడు, ఎంత వస్తే అంత పైకి.

రేపట్నుంచి మీ చెల్లెలికి ఎక్కాలు నువ్వు చెప్పు. నీ పక్కన కూర్చోవద్దని మీ అమ్మకి నేను చెప్తా.