53,760 బడుల లెక్క

1872లో జపాన్ కొత్త ప్రభుత్వం ఒక విద్యాశాసనం ప్రకటించింది. దేశాన్ని 8 విశ్వవిద్యాలయ మండలాలుగా, ఒక్కో మండలాన్ని 32 మాధ్యమిక పాఠశాల పరిధులుగా, ఒక్కో పరిధిని 210 ప్రాథమిక పాఠశాల పరిధులుగా విడగొట్టాలన్నది అందులోని ఏర్పాటు. గుణించి చూస్తే ప్రాథమిక బడులే 53,760 తేలతాయి. అప్పటికి భూస్వామ్య సంస్థానాలు రద్దయి ఏడాది. విద్యాశాఖ వయసు కూడా అంతే. ఖజానాలో డబ్బు లేదు, తరగతి గదిలో పాఠం చెప్పడం నేర్చిన పంతుళ్ళు లేరు. ఫ్రాన్స్ పద్ధతి చూసి గీసిన ఈ పటం మరుసటి ఏడాదే 7 మండలాలకు కుదించుకుపోయింది. 8 విశ్వవిద్యాలయాలకు గాను 1877లో టోక్యోలో వెలిసింది ఒక్కటే.

ప్రాథమిక బడుల సంగతి అలా కాలేదు. మూడేళ్ళు తిరిగేసరికి, అంటే 1875 నాటికి, 24 వేలకు పైగా బడులు నడుస్తున్నాయి. ఇవాళ్టి జపాన్‌లో ఉన్న ప్రాథమిక పాఠశాలల కన్నా అది పెద్ద సంఖ్య. వాటిలో చాలా భాగం బౌద్ధాలయాల్లో, లేదా ఎవరో ఒకరి ఇంట్లో నడిచినవే. అప్పటికే ఊరూరా ఉన్న తెరకోయాలు, అంటే వీధి బడులు, ఇందుకు పునాది. చదవడం, రాయడం, పూసల చట్రం మీద లెక్కలు కట్టడం అక్కడ నేర్పేవారు. పాత పాలన ముగిసే నాటికి పదిమంది మగపిల్లల్లో నలుగురు, పదిమంది ఆడపిల్లల్లో ఒకరు ఏదో ఒక బడి గడప తొక్కి ఉంటారని చరిత్రకారుల అంచనా. టోక్యో శాసనం కన్నా మూడేళ్ళ ముందే, 1869లో, క్యోటో నగరవాసులు వాడల వారీగా 64 బడులు కట్టుకున్నారు. పిల్లలున్నా లేకపోయినా ఇంటింటికీ పొయ్యి లెక్కన చందా వేసుకున్నారు. ఆ బడే వాడ కచేరీ. అగ్నిప్రమాదాలను కనిపెట్టే కావలి బురుజు కూడా దాని మీదే. జపాన్ విద్యావ్యవస్థ కథను మంత్రులతో మొదలుపెట్టడం రివాజు. ఈ వాడలతో మొదలుపెట్టడమే న్యాయమని నాకనిపిస్తుంది.

ఎందుకంటే 1872 శాసనం బడి ఖర్చును దాదాపు పూర్తిగా ఊరి మీదే వేసింది. చదువు మనిషి తన బతుకు బాగు చేసుకోవడానికి కాబట్టి, దాని ఖర్చుకు ప్రభుత్వం వైపు చూడటం పాత దురలవాటని పీఠికలోనే చెప్పింది. ఏ కులంలో పుట్టినా, ఆడైనా మగైనా చదవాల్సిందేనన్న గొప్ప మాట ఉన్నదీ ఆ పీఠికలోనే. రెండు మాటలూ ఒకే కలం నుంచి వచ్చాయి. నెలకు 50 సెన్‌ల రుసుము తగినదని శాసనం నిర్ణయించింది, లేనివారికి 25. అంటే అర యెన్, పావు యెన్. అంత మొత్తం కట్టగల రైతు కుటుంబాలు తక్కువే. చాలాచోట్ల అందులో కొంతే వసూలు చేసి, మిగతాది ఇళ్ళ మీద పన్నుగా వేశారు. నిర్బంధ సైనిక సేవ, కొత్త భూమిశిస్తు కూడా ఆ ఒకటి రెండేళ్ళలోనే వచ్చిపడ్డాయి. 1873లో మిమసాకా ప్రాంతంలో, 1876లో ఇసే ప్రాంతంలో తిరగబడిన రైతులు ప్రభుత్వ భవనాలతో పాటు బడులనూ ధ్వంసం చేశారు. చదువంటే గిట్టక చేసిన పని అనుకోలేం. వారి కళ్ళకు బడి మరో పన్ను కచేరీగా కనిపించింది.

అదే 1876లో మత్సుమోతో పట్టణంలో కైచి పాఠశాల భవనం లేచింది. తతెయిషి సెయిజూ అనే స్థానిక వడ్రంగి మేస్త్రి టోక్యో, యొకొహామా వెళ్ళి పాశ్చాత్య కట్టడాలు చూసి వచ్చి, తన చేతికి వచ్చిన జపాన్ పనితనంతో అష్టకోణ శిఖరం ఎత్తాడు. దాదాపు 11 వేల యెన్‌ల ఖర్చులో ఏడు పాళ్ళు ఊరివాళ్ళ విరాళం. కొంత కలప మూతపడిన బౌద్ధాలయానిది. 2019లో దాన్ని జాతీయ సంపదగా ప్రకటించారు. తగలబడిన బడి, తలెత్తిన బడి ఒకే శాసనం బిడ్డలు.

తర్వాతి పదేళ్ళు పట్టు సడలించడం, బిగించడంతో సరిపోయాయి. అమెరికా తిరిగి వచ్చిన విద్యాశాఖ పెద్ద తనాకా ఫుజిమరో 1879లో అధికారాన్ని స్థానిక సంఘాలకు వదిలాడు. నాలుగేళ్ళలో 16 నెలలు చదివితే చాలన్నాడు. కొన్నిచోట్ల బడుల నిర్మాణం ఆగిపోయింది. 1880లో ఆ శాసనాన్ని తిరగరాసి పగ్గాలు మళ్ళీ కేంద్రం పట్టుకుంది. 1885లో విద్యామంత్రి అయిన మొరి అరినోరి మరుసటి ఏడాది వ్యవస్థకు స్థిరమైన ఆకారం ఇచ్చాడు. అడుగున అందరికీ తప్పనిసరిగా నాలుగేళ్ళ ప్రాథమిక విద్య, పైన జిల్లాకొక మాధ్యమిక పాఠశాల, శిఖరాన రాజ్య సేవకులను తయారుచేసే ఇంపీరియల్ విశ్వవిద్యాలయం. పంతుళ్ళ శిక్షణ కళాశాలల్లో సైనిక కవాతు. పాఠ్యపుస్తకాలకు ప్రభుత్వ ఆమోదం. 1889 ఫిబ్రవరి 11న, రాజ్యాంగం ప్రకటించిన రోజునే, మొరిని ఒకడు పొడిచాడు. మర్నాడు చనిపోయాడు. 1890లో వచ్చిన చక్రవర్తి విద్యా సందేశం రాజభక్తిని ప్రతి తరగతి గదిలోకీ తెచ్చింది. అర్ధశతాబ్దం పాటు పిల్లలు దాని ముందు తలవంచి నిలబడ్డారు. ఈ వ్యవస్థ చేసిన అన్యాయాల్లో నేను మొదట చెప్పేది దాన్నే.

ఇంత పకడ్బందీ నిర్మాణంలోనూ మొరి రుసుమును తీసేయలేదు. పైగా బడి నడవడానికి అదే ముఖ్య ఆధారమన్నాడు. ఫలితం వెంటనే తెలిసింది. 1883లో సగం దాటిన చేరికలు 1887 నాటికి సగం లోపుకు జారాయి. 1890లో ఆడపిల్లల్లో మూడోవంతు కూడా బడిలో లేరు. చంటిబిడ్డను వీపున కట్టుకుని పనికి పోయే పిల్లల కోసం, బిడ్డతో సహా కూర్చోనిచ్చే బడులు కొన్నిచోట్ల వెలిశాయి. శాసనం ఊహించని పిల్లను గుర్తించింది వాటిలోని పంతుళ్ళే.

1890ల చివర్లో ఖజానా తలుపులు తెరుచుకున్నాయి. పంతుళ్ళ జీతాలకు కేంద్రం సాయం మొదలైంది. 1899లో కోటి యెన్‌ల విద్యానిధి ఏర్పడింది. ఆ డబ్బు చైనాపై యుద్ధం గెలిచి రాబట్టిన నష్టపరిహారంలోది. జపాన్ పిల్లల అక్షరాలకు చైనా ప్రజలు కట్టిన ఖరీదును ఈ చరిత్రలోంచి తుడిచేయడానికి లేదు. 1900లో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో రుసుము ఎత్తేశారు. ఆ ఏడాదికి చేరికలు 80 శాతం దాటాయి, రెండేళ్ళలో 90 దాటాయి. 1907లో నిర్బంధ విద్యను ఆరేళ్ళకు పెంచగలిగారు. ఇప్పటి 6-3-3-4 అంచెలు ఆ పునాది మీదే 1947లో వచ్చాయి.

1922లో ఈ వ్యవస్థను చూడటానికి హైదరాబాద్ నుంచి ఒకాయన వెళ్ళాడు. నిజాం రాజ్యపు విద్యాశాఖ డైరెక్టర్ సయ్యద్ రాస్ మసూద్. ఆయన నివేదిక మరుసటి ఏడాది హైదరాబాద్‌లో పుస్తకంగా అచ్చయింది. జపాన్ తన భాషలోనే పై చదువులు చెప్పుకుంటున్న తీరు ఆయన మనసుకు పట్టింది. 1918లో స్థాపించిన ఉస్మానియాలో ఉర్దూ బోధనకు అది బలమైన ఉదాహరణ. అయితే నిజాం ప్రజల్లో దాదాపు సగం తెలుగువాళ్ళు, ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్ళు పదోవంతు. జపాన్‌లో బడి భాష, రాజ్యభాష ఒకటే కావడం వల్ల ఊరి బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా ఒకే మెట్లదారి సాధ్యమైంది. తెలంగాణ పల్లెలో తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లకు ఆ దారి మధ్యలోనే తెగిపోయేది.