కోరంగి రేవులో ఒక పూట

ఈ వేసవిలో పడవ షికారుకు వెళ్తున్నానంటే మా కొడంగల్‌లో అందరూ నవ్వారు. నవ్వరూ మరి! సముద్రం మాట అటుంచండి, మే నెలలో మా కాగ్నా నదిలో పాదం తడుపుకోవాలన్నా వెతుక్కోవాల్సిందే.

కాకినాడలో ఉన్న మా ఆడపడుచు ఊరుకోలేదు. "వదినా, ఎండలకు భయపడి ఇంట్లో కూర్చుంటే ఎలా? కోరంగి తీసుకెళ్తాను రా" అంది. సరే, యానాం వెళ్ళే దారిలో కోరంగి దగ్గర దిగి, మడ అడవిలో చెక్కల బాట మీద నడిచి, పొద్దున్నే రేవుకు చేరాం. తీరా చూస్తే మోటారు బోటు బురదలో కూర్చుని ఉంది!

"ఇప్పుడు పాటండి. పోటొస్తే గాని కదలదండి" అన్నాడు బోటతను.

సముద్రం రోజుకు రెండుసార్లు ఏటిలోకి ఎదురొస్తుందట, రెండుసార్లు వెనక్కి పోతుందట. పుస్తకాల్లో చదివినదే. కానీ ఎండిన బురద మీదికి చప్పుడు లేకుండా నీళ్ళు పాకి రావడం కళ్ళారా చూస్తే, గుండె ఝల్లుమంది. బురదలోంచి దబ్బనాలు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్ళన్నీ ఒక్కొక్కటే మునిగిపోయాయి. ఆ మడచెట్లు వాటితోనే ఊపిరి పీలుస్తాయట.

బోటు కదిలింది. రెండు పక్కలా ఆకుపచ్చటి గోడలు, మధ్యన ఉప్పునీటి పాయ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి ఇది. ఇంత ప్రశాంతమైన చోట ఒకప్పుడు పెద్ద ఓడరేవు ఉండేదంటే నమ్మగలరా? ఓడలు కట్టడానికీ, దెబ్బతిన్నవాటిని బాగుచేయడానికీ పేరుపడ్డ రేవు. 1789 డిసెంబరులో తుఫాను వచ్చి, కొండల్లాంటి అలలు ఊరిని ముంచేశాయి. మిగిలినవాళ్ళు మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. 1839 నవంబరులో ఉప్పెన మళ్ళీ తుడిచిపెట్టింది. ఆపైన పాయలో ఒండ్రు మేట వేస్తూ వచ్చింది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది.

ఊరు పోయినా పేరు పోలేదు. అది సముద్రం దాటింది!

ఈ తీరం నుంచి పొట్ట చేతపట్టుకుని బర్మా వెళ్ళిన మన వాళ్ళను అక్కడివాళ్ళు "కోరంగీ" అన్నారు. తరువాతి రోజుల్లో స్టీమరు కాకినాడలో ఎక్కినా, విశాఖపట్నంలో ఎక్కినా పిలుపు అదే. రంగూను రేవులో మూటలు మోసినవాడూ కోరంగీయే, రిక్షా లాగినవాడూ, బియ్యం మిల్లులో చెమటోడ్చినవాడూ కోరంగీయే. పోనుపోను ఆ పిలుపులో చులకన కూడా చేరింది. 1930 మే నెలలో రంగూను రేవు కూలీల సమ్మె చివరికి అల్లర్లకు దారితీసి, వందమందికి పైగా చనిపోయారు. వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. ఇక్కడ మనియార్డరు కోసం వీధి గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళ లెక్క ఎవరు రాశారు?

"మా ముత్తాత వెళ్ళాడండి. రంగూను టేకు తలుపులు పంపాడు. మనిషి మాత్రం రాలేదండి" అన్నాడు బోటతను, చుక్కాని తిప్పుతూ.

నాకు చప్పున మా ఇంటి వెనకాల అవ్వ గుర్తొచ్చింది. మా ఊరు 2016 నుంచి వికారాబాదు జిల్లాలో ఉంది గానీ, నా చిన్నప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాయే, అంటే పాలమూరు. ఆనకట్ట కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా "పాలమూరు లేబర్" అని దేశమంతా అడిగి తీసుకువెళ్ళేవారు. అవ్వ కొడుకు బొంబాయిలో మేడలు కడతాడు. "పేరు వెట్టి పిలువరట బిడ్డా, పాలమూరోడా అంటరట" అని ఆమె ఓసారి వాపోయింది. అయ్యో అన్నాను. ఆ మరుసటి ఏడే హైదరాబాదులో మేం ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, "ఇవాళ పాలమూరు వాళ్ళు ఎంతమంది వచ్చారు?" అని మేస్త్రీని అడిగాను. నేనే! ఆ నాలుగు నెలల్లో అక్కడ ఇటుకలు మోసినవాళ్ళలో ఒక్కరి పేరూ నాకు తెలియదు.

ఆ మాట ఆడపడుచుకు చెప్పలేకపోయాను. బోటు సముద్రపు మొగదాకా వెళ్ళి తిరిగింది. నీళ్ళు అప్పుడే వెనక్కి తియ్యడం మొదలుపెట్టాయి.

ఊరికి వచ్చాక అవ్వకు ఈ కథంతా చెప్పాను. 1942లో జపానువాళ్ళు బర్మాలోకి వస్తే, మన వాళ్ళు అడవులూ కొండలూ దాటుకుంటూ నడిచి బయలుదేరారనీ, దారిలోనే వేలమంది రాలిపోయారనీ చెప్పాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు.

"కొందరన్న ఇల్లు జేరిన్రా?"

"చేరారవ్వా."

"అంత దూరం నడిసొచ్చిన్రు" అంది ఆశ్చర్యంగా. "మావోడు బస్సెక్కి దసరకు రాడాయె."