ఉత్తరాంధ్ర రచనల్లో నేరం, ఉత్కంఠ: ప్రేరణలు, పరిశోధన

నేరాన్ని కేంద్రంగా పెట్టుకుని ఉత్కంఠతో కథ నడిపే పద్ధతి తెలుగులో రెండు దారుల్లో వచ్చింది. ఇంగ్లీషు, బెంగాలీ అపరాధ పరిశోధక నవలల ప్రభావంతో మొదలై పాకెట్ పుస్తకాల దాకా సాగింది ఒకటి. కోర్టు, ఊరి తగువు, అప్పు పత్రం, పోలీసు కేసు నుంచి పుట్టింది రెండోది. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పెద్ద రచయితలు రెండో దారినే నడిచారు. కారా మాస్టారుగా పేరొందిన కాళీపట్నం రామారావు కూడా వారిలో ఒకరు.

ఈ దారికి మొదటి మెట్టు గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’. అది నవల కాదు, నాటకమే. అయినా రచయిత తన ప్రేరణనూ, ఆధారాలనూ పాఠకుడి ముందు పెట్టిన తీరుకు తెలుగులో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ దీన్ని ప్రదర్శించింది. 1897లో అచ్చయిన తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశారు. విజయనగరం ఆనంద గజపతి మహారాజు చేయించిన లెక్కలను అందులో ఉదహరించారు. నాటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో నమోదైన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు 1,034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు చదివాక నాటకంలోని నవ్వు వెనక ఎంత కోపం ఉందో తెలుస్తుంది.

కథ నడకలో ఉత్కంఠ తక్కువేమీ కాదు. కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధానులకు పెళ్ళికూతురిగా అమ్ముతాడు. పెళ్ళయ్యాక ఆ ‘పిల్ల’ మాయమవుతుంది. ముసలి పెళ్ళికొడుకు మీద హత్యానేరం పడుతుంది. చచ్చిన మనిషే లేని హత్య కేసు అది! నిజం ప్రేక్షకుడికి తెలుసు, చట్టానికి తెలియదు. చివరికి వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్ళి ముడి విప్పుతుంది. దొంగ సాక్ష్యాలు ఎలా తయారవుతాయో, హెడ్ కానిస్టేబు బేరం ఎలా సాగుతుందో గురజాడ చూపినంత సూక్ష్మంగా తరవాతి డిటెక్టివ్ నవలలు చూపలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు కోసం ఆయన నాటకాన్ని చాలావరకు తిరగరాశారు.

మొదటి దారిలో పేరు పొందినవారు కొమ్మూరి సాంబశివరావు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు, ఆ తరవాత మధుబాబు ‘షాడో’ అద్దె పుస్తకాల దుకాణాల ద్వారా చిన్న ఊళ్ళ దాకా వెళ్ళారు. వేలమందికి చదివే అలవాటు నేర్పిన ఘనత ఈ పుస్తకాలది.

రెండో దారికి తిరిగి వస్తే, రావిశాస్త్రిగా పేరొందిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో న్యాయవాదిగా జీవించారు. ఆయనకు పరిశోధన అంటే వేరే పని కాదు, రోజూ చేసే వృత్తే. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజుల్లో సారా కేసుల్లో ఇరుక్కున్న పేదలు, వాళ్ళను పట్టుకొచ్చే పోలీసులు, కూడబలుక్కొచ్చే సాక్షులు ఆయన కళ్ళ ముందు తిరిగినవాళ్ళే. ‘ఆరు సారా కథలు’ అక్కడి నుంచే వచ్చాయి. నేరం ఎవరు చేశారన్నది ఆయన ప్రశ్న కాదు. దాని లాభం ఎవరి ఇంటికి చేరింది, శిక్ష ఎవరి మెడకు చుట్టుకుంది అన్నదే ప్రశ్న. ‘అల్పజీవి’ నవలలో ఆయన ఇంకో పని చేశారు. జేమ్స్ జాయిస్ ప్రభావంతో చైతన్యస్రవంతి పద్ధతిని తీసుకుని, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు తీసుకున్న సుబ్బయ్య అనే పిరికి గుమాస్తా మనసులోకి పాఠకుణ్ణి దింపారు. తుపాకీ పేలదు, శవం దొరకదు. ఏమవుతుందోనన్న భయం ఒక్కటే కథను లాక్కుపోతుంది. తెలుగులో మానసిక ఉత్కంఠకు ఈ నవలే గట్టి పునాది.

రచయిత రాసేది మంచికి హాని చేయకూడదనీ, చెడుకు సాయపడకూడదనీ రావిశాస్త్రి గట్టిగా నమ్మారు. నేరం గురించి రాసేవాళ్ళకు ఈ మాట మరీ అవసరం.

లావేరు మండలం మురపాకకు చెందిన కాళీపట్నం రామారావు (1924–2021) విశాఖలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే శ్రీకాకుళం పల్లెల గురించి రాశారు. 1964లో రాసిన ‘యజ్ఞం’ పెద్ద నిడివి గల కథ. సుందరపాలెంలో అప్పల్రాముడి పాత అప్పు మీద పంచాయితీ జరుగుతుంది. అప్పు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, తీర్పు ఎటు పోతుంది అన్న విచారణే కథంతా. పంచాయితీ పెద్ద శ్రీరాములునాయుడు మంచివాడే కావడం ఉత్కంఠను ఇంకా బిగిస్తుంది. చెడ్డవాడొకడు కనిపిస్తే పాఠకుడికి కోపం పెట్టుకోవడానికి చోటు దొరికేది. ఇక్కడ దొరకదు. తన బిడ్డ బానిస బతుకు బతకకూడదని అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసిన హత్యతో కథ ముగుస్తుంది. ఆ ముగింపు మీద విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఊరి ఆర్థిక చరిత్రను అంత లోతుగా తెలుసుకున్న మనిషి తప్ప మరొకరు ఆ కథ రాయలేరు.

1980ల నాటికి రెండు దారులూ యండమూరి వీరేంద్రనాథ్ నవలల్లో కొంతవరకు కలిశాయి. ఆయన తూర్పు గోదావరి జిల్లాలో పుట్టిన చార్టర్డ్ అకౌంటెంటు. ‘అభిలాష’లో ఒక న్యాయవాది మరణశిక్ష రద్దు కోసం తన మీద తానే హత్య కేసు పడేలా చేసుకుంటాడు. సుప్రీంకోర్టు 1980లో బచన్ సింగ్ కేసులో మరణశిక్షను అత్యంత అరుదైన సందర్భాలకే పరిమితం చేసింది. ఆ చర్చ వేడిగా ఉన్న రోజుల్లోని నవల ఇది. 1983లో సినిమాగా వచ్చింది. ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ‘తులసిదళం’ చేతబడిని కథావస్తువు చేసుకుంది. ఒక పక్క క్షుద్రశక్తి, మరో పక్క వైద్యం, హిప్నాటిజం పెట్టి పాఠకుణ్ణి మధ్యలో నిలబెట్టింది. దీన్ని రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అనే పుస్తకంలో తీవ్రంగా ఎండగట్టారు. మూఢనమ్మకం మీద సేకరించిన వివరాలు కథకు నమ్మకం కలిగించే కొద్దీ ఆ మూఢనమ్మకానికీ బలం చేకూరుతుంది. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్ళున్న నేల మీద ఆమె కోపం న్యాయమైనదే.

ఇలాంటి రచనల పుట్టుక తెలుసుకోవాలంటే పాత పత్రికల సంచికలే ఆధారం. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో ‘కథానిలయం’ స్థాపించి వాటిని సేకరించారు.