ఇంటిపేరులో దాగిన ఊరు

బడిలో హాజరుపట్టీ చదివినన్నాళ్లూ నాకొక బెంగ ఉండేది. పిల్లల ఇంటిపేర్లన్నీ ఒక్కొక్క ఆంగ్లాక్షరానికి కుదించుకుపోయి ఉండేవి. ఆ అక్షరం వెనుక తరచుగా ఒక ఊరు ఉంటుంది.

ఇ, టి, తి వర్ణకాలను మన వ్యాకరణం ఔపవిభక్తికాలంటుంది. వాటివల్ల ఊరు ‘ఊరి’ అవుతుంది, పాడు ‘పాటి’ అవుతుంది. కందుకూరి, నండూరి, మొక్కపాటి మొదలైనవి ఈ తీరున ఏర్పడినవే. వీరేశలింగం పంతులుగారు (1848–1919) పుట్టినది రాజమహేంద్రవరంలో. పూర్వులు విడిచి వచ్చిన కందుకూరు మాత్రం ఆయన పేరును విడువలేదు. గురజాడ అప్పారావుగారు 1862లో మా ప్రాంతపు ఎస్. రాయవరంలో జన్మించారు, గురజాడ ఎక్కడో కృష్ణా జిల్లాలోని గ్రామం.

ఉన్న ఊరిలో అందరూ ఆ ఊరివారే కనుక ఆ పేరుతో ఒకరిని వేరుచేసి పిలువనక్కరలేదు. ఊరు దాటినప్పుడే అది గుర్తుగా పనికివస్తుంది. కాబట్టి ఇటువంటి ఇంటిపేరు చాలవరకు ఒక వలస కథ. ఆంగ్లేయులలోనూ ఇంతే. అమెరికా తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ పూర్వులు ఇంగ్లండులోని వాషింగ్టన్ అనే ఊరి పేరును ధరించినవారు. అందులోని ‘టన్’ మన ‘ఊరు’ వంటిదే.

మా చుట్టుపట్ల చూడండి. గొలుగొండలో కకారం గకారమైన కొండ ఉన్నది. మాకవరపాలెంలో పాలెం, నర్సీపట్నంలో పట్నం, కృష్ణదేవిపేటలో పేట ఉన్నాయి. 1922 ఆగస్టు 23న ఆ కృష్ణదేవిపేట పోలీసు ఠాణాపై దాడి చేసిన సీతారామరాజు ఇంటిపేరు అల్లూరిలోనూ ఊరే ఉన్నది.

ఇదంతా చెప్పి, “ఇంటిపేరంటే ఊరిపేరే” అని ఒకనాడు తరగతిలో తీర్మానించాను. మన్యం నుండి వచ్చిన పిల్లవాడొకడు లేచి, “మాది కిల్లో అండి. అంటే పులి. ఊరు కాదండి” అన్నాడు. విశాఖ మన్యంలో పాంగి అంటే గద్ద, కొర్ర అంటే సూర్యుడు. అవి వంశాల గుర్తులు. పండితుడినన్న నా గర్వం ఆనాడు కొంత అణగింది. హాజరుపట్టీలో ఆ పులి కూడా ఒంటి అక్షరమే అయి ఉన్నది.

మరునాటినుండి పూర్తి ఇంటిపేర్లతోనే హాజరు పిలిచాను. కాలం కొంత ఎక్కువ పట్టేది. అయినా, తమ పేరు పూర్తిగా వినబడినప్పుడు పిల్లలు “ఉన్నానండి” అనే స్వరమే వేరుగా ఉండేది.

చదువరులారా, మీ ఇంట పెద్దలుంటే మీ పేరులోని ఊరేదో, పులి ఏదో నేడే అడిగి వ్రాసిపెట్టుకోండి.